పసుపు రంగుతో రాసిన తేదీ

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం, తాడు కట్టిన చోటు ఊడిపోవడం. తాడు తెగుతుందని కాదు. తాడు సంగతి నాకు తెలుసు.

మా ఆయన చిరంజీవి బిలాస్‌పూర్ లోకో షెడ్డులో టెక్నీషియన్. పెళ్లయిన కొత్తలో, రెస్టు రోజున ఆయన ఎక్కడికి వెళ్తున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. షెడ్డు వాళ్లు ఆరుగురు కలిసి ఆమాటోలా అనే పల్లె పక్క కొండలో ఉన్న గుహకు వెళ్లేవారు. లోపల కొంత దూరం నడిచాక నలభై అడుగుల గొయ్యి. దాని అంచున ఉన్న రాతి స్తంభానికి తాడు చుట్టి దిగుతారు, అడుగున ఉన్న నీళ్లు చూసి మళ్లీ ఎక్కి వస్తారు. ఎందుకని అడిగితే, చూడ్డానికే అన్నాడు. ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని, ఆపైన ఏం అడగాలో తోచలేదు.

గుహ నుంచి తాడు మా క్వార్టరుకే వచ్చేది. టబ్బులో నానబెట్టి, మట్టి వదిలేదాకా జాడించి, వెనక వరండాలో నీడన ఆరేసేదాన్ని. ఆరాక జానెడు జానెడు చొప్పున చేత్తో తడిమి చూడాలి, ఎక్కడైనా మెత్తబడిందేమోనని. అది ఆయన నేర్పిన పని. మా పాప ప్రత్యూష కడుపులో ఉన్నప్పుడూ చేశాను. పాపకు మూడో నెల నడుస్తుండగా ఒకసారి తాడులో స్తంభానికి చుట్టే కొస దగ్గర రెండు జానల మేర తెల్లటి పిండి అంటుకుని ఉంది. నీళ్లలో వేస్తే టబ్బంతా సున్నం కలిపినట్టయింది. రాయి అరుగుతోంది. ఆ వారమంతా పాపకు పాలిస్తూ కూడా ఆ తెల్లటి నీళ్లే చూశాను.

ఆ సంగతి మీదే మా ఇంట్లో మీటింగు పెట్టుకున్నారు. గొయ్యి అంచున రాతిని తొలిచి, ఎప్పటికీ ఉండేలా రెండు స్టీలు కొక్కేలు బిగించాలా, వద్దా అని. మా ఆయనా ఇంకో ఇద్దరూ బిగించాలన్నారు. గోవిందరావు మావయ్యా, ఆయనతో ఇద్దరూ వద్దన్నారు. మావయ్య షెడ్డులోనే రిటైరైన మనిషి, వీళ్లకు ఆ గుహ చూపించింది ఆయనే. తొలిచిన రాయి మళ్లీ పూడదనీ, కొక్కెం కనబడితే ప్రతివాడూ బట్టలారేసే తాడు పట్టుకొచ్చి దిగుతాడనీ చాలాసేపు చెప్పాడు. స్తంభానికి గోనెపట్టా చుట్టి కట్టుకుందాం, అది చాలదంటే గొయ్యి దిగడమే మానేద్దాం అన్నాడు.

మా ఆయన, షెడ్డులో చేసినట్టే చేద్దామన్నాడు. షెడ్డులో బరువులెత్తే ప్రతి గొలుసునూ ఏడాదికోసారి పరీక్షిస్తారు. పరీక్షించిన తేదీ, మళ్లీ ఎప్పుడు పరీక్షించాలో ఆ తేదీ, రెండూ పసుపు రంగుతో రాస్తారట. ఆ రంగు ఉంటే ఇక ఎవరూ ఏమీ అడగరు. ధైర్యంగా పని చేసుకుంటారు.

"తేదీ దాటిపోతే ఆ గొలుసు తీసి గదిలో ఏసి తాళమెయ్యడానికి షెడ్డులో ఒక మనిషున్నాడ్రా," అన్నాడు మావయ్య. "గుహలో ఎవుడున్నాడు?"

"నానున్నాను కద మావా."

"అచ్ఛా. నీకు ట్రాన్స్‌ఫర్ వొస్తేనో?"

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. ఒక చేతిలో టీ పళ్లెం, చంకలో పాప. నన్నెవరూ అడగలేదు.

"స్తంభం ఇరిగితే మీకు రాయి పోద్ది మావయ్యా," అన్నాను. "నాకు మడిసి పోతాడు."

వద్దన్నవాళ్లలో సూర్యం అనే అతను, "టీలో పంచదార ఎక్కువేసినప్పుడే అనుకున్నాను, ఇదేటో ఓట్ల టీయని," అన్నాడు. అందరూ నవ్వారు, మావయ్య తప్ప. ఆయన తన గ్లాసు తానే కడిగి బోర్లించి, "కోడలిపిల్ల సెప్పింది కదా, కొక్కేలు ఎట్టీండి," అని చెప్పులు వేసుకున్నాడు.

ఆ జనవరిలో బిగించారు. ముగ్గురు ఒకేసారి వేలాడి చూశారట. కొక్కేల పక్కన రాతి మీద మా ఆయన పసుపు రంగుతో రెండు తేదీలూ రాశాడు. ఫొటో చూపిస్తే కడుపు నిండినట్టనిపించింది.

అయినా నాకది చాలలేదు. ఆయన వెళ్లిన ప్రతిసారీ తలనొప్పి. ఆయన ఇంకా దారిలో ఉండగానే, పాపకు లేని జ్వరం ఉందని ఫోన్లు చేశాను. వానాకాలం వచ్చేసరికి ఆయన వెళ్లడం మానేశాడు. ఇద్దరికి బదిలీలయ్యాయి. మావయ్యకు మోకాలి ఆపరేషనయింది. తాడు చుట్టచుట్టి అటక మీద పెట్టాను. మళ్లీ జనవరి వచ్చింది. రాతి మీద రాసిన రెండో తేదీ నాకు గుర్తుంది. గుర్తు చేస్తే ఆయన వెళ్తాడని నోరు మెదపలేదు. ఆయనకు గుర్తుందో లేదో నేను అడగలేదు.

కిందటి వారం బుధ్‌వారీ బజారులో బుధారూ కనబడ్డాడు. ఆమాటోలా మనిషి. మావాళ్లు లోపలికి దిగితే, తిరిగొచ్చేదాకా గుహ నోటి దగ్గర కూర్చునేవాడు. గొయ్యిలోకి దిగకూడదని వాళ్ల పెద్దల కట్టడి, అతనెప్పుడూ దిగలేదు. ఆ రోజు సారపప్పు అమ్మడానికి వచ్చాడు. ప్రత్యూష గుప్పిట్లో కొంచెం పోసి, ఇప్పుడు నేనూ దిగుతున్నాను భాభీ అన్నాడు. ఆదివారాలు పట్నం నుంచి జనం వస్తున్నారట. నైలాను తాడు కొన్నాడట. ముందు తను దిగి, తర్వాత వాళ్లను దింపుతున్నాడట. భయం లేదా అంటే, రైల్వేవాళ్లు రంగు వేసి పెట్టారు కదా, పక్కా అన్నాడు. అతనికి చదువు రాదు. రంగొక్కటే చూస్తాడు.

కొక్కేలు గట్టిగానే ఉన్నాయా అని అడిగాను. ఉన్నాయి, ఒకటి మాత్రం చేత్తో తిప్పితే తిరుగుతోంది, ఊడబోయే పాలపన్నులాగ, అని నవ్వాడు.

దిగొద్దని అక్కడే చెప్పాను. మా ఆయన మానేశాడు, ఎవరూ చూడటం లేదు, ఆ రంగుకు గడువు దాటింది అని నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఆడవాళ్లు అలాగే అంటారన్నట్టు తలూపి, తక్కెడ పట్టుకున్నాడు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే అన్నం కంచం పక్కకు జరిపేశాడు. "తిరుగుతందా?" అని రెండుసార్లు అడిగాడు. ఆయనకిప్పుడు షహడోల్‌లో డ్యూటీ, ఆ మర్నాడే వెళ్లిపోవాలి. అటవీ చెక్‌పోస్టులో తెలిసిన గార్డుకు ఫోన్ చేశాడు. బుధారూకు చెబుతానని ఆ గార్డు అన్నాడట, చెప్పాడో లేదో తెలియదు. రెస్టు దొరకగానే స్పానరు తీసుకెళ్లి రెండూ ఊడదీస్తానన్నాడు. ఆ రెస్టు ఇంకా దొరకలేదు. మావయ్యకు చెప్పాను. తిట్టలేదు. నేను నడవగలిగితే ఇవాళే ఎల్దునమ్మీ, అన్నాడంతే. ప్రత్యూషకు ఈసారి నిజంగానే జ్వరం. ఆమాటోలాలో ఫోన్ సిగ్నల్ లేదు. బుధారూ మళ్లీ బజారుకు ఎప్పుడొస్తాడో తెలియదు. ఇవాళ శుక్రవారం. ఎల్లుండే ఆదివారం.

ఇది చదివినవాళ్లలో ఎవరైనా అమర్‌కంటక్ వైపు వెళ్తుంటే, దారిలో ఆమాటోలా ఎక్కడని అడిగి బుధారూ ఇంటికి వెళ్లండి. పల్లె చివర, సాల్ చెట్ల దగ్గర రేకుల ఇల్లు. ఆ రంగును నమ్మొద్దని చెప్పండి. అతను బాగున్నాడో లేదో చూసి, నాకొక మాట తెలియజేయండి.