మూడాకుల మొక్కలు

నర్సరీలో నలభై ఏళ్లు నేను చేసిన పని ఒక్కటే. నారుమడిలో మొక్కలన్నీ ఒకే పోలికతో ఉండాలి. తేడాగా మొలిచినవి బెరుకులు. వాటిని పీకెయ్యాలి. కన్ను పడితే చాలు, చెయ్యి దానంతటదే వెళ్తుంది.

మా కోడలు పెద్ద చదువులు చదివింది. బత్తాయి అంటు కట్టాలంటే కింద గట్టి వేరున్న మొక్క కావాలి. వేరుకుళ్లుకి లొంగని అలాంటి మొక్కని కొత్తగా పుట్టించాలని ఆమె పట్టు. నిమ్మ పూలకి మూడాకుల నారింజ పుప్పొడి అద్ది, సంచులు కట్టి, కాయల్లోంచి గింజలు తీసి, షెడ్డులో ట్రేల నిండా మొలిపించింది. మూడేళ్ల కష్టం.

అంతలో నెల రోజులు ట్రైనింగుకి వెళ్లాల్సి వచ్చింది. "మావయ్యా, నీళ్లు మాత్రం పొయ్యండి" అంది. తలూపాను.

వారం తిరక్కుండానే చూశాను. దాదాపు అన్నీ కాడకి ఒక్కో ఆకున్న మొక్కలే. మధ్యమధ్య మూడేసి ఆకులవి, ఇరవై రెండు. పాపం, పిల్లకి ఏరడానికి తీరిక చిక్కలేదనుకున్నాను. ఏరేశాను.

ఆమె తిరిగొచ్చి, చెప్పులైనా విప్పకుండా షెడ్డులోకి వెళ్లింది.

"మావయ్యా, మూడాకులవి ఏవి?"

"బెరుకులు. తీసేశా."

ట్రే పక్కనే కూలబడింది. "తండ్రి పోలిక వచ్చినవి అవే మావయ్యా! నాకు కావలసినవి అవే. మిగతావన్నీ అచ్చం తల్లే."

మా ఆవిడ నా మీద విరుచుకుపడింది. "ముందే ఒక్క మాట అడిగితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

నీళ్ల తొట్టి వెనక్కి నడిచాను. కోడలు వెంట వచ్చింది. పీకిన మొక్కని ఎండలో పారెయ్యడం నాకు చేతకాదు. అక్కడ కారే పంపు కింద బురదలో గుచ్చుతాను. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

ఆ ఇరవై రెండింట్లో, మూడు వారాల్లో పదమూడు కుళ్లిపోయాయి. తొమ్మిది పచ్చగా నిలబడ్డాయి. ఆమె ఒకదాన్ని మెల్లగా పైకి తీసి చూసింది. వేళ్లు కుళ్లు లేకుండా తెల్లగా ఉన్నాయి.

"రెండేళ్ల తర్వాత పెడదామనుకున్న బురద పరీక్ష మీరు ఇప్పుడే పెట్టేశారే!" అంటూ కళ్లు తుడుచుకుని నవ్వింది.

"మరి పోయినవి?"

"వాటి కోపం మీ మీద అలాగే ఉంటుంది. నాది తగ్గింది."

ఇప్పుడు ఆ తొమ్మిదింటినీ కుండీల్లోకి మారుస్తున్నాం. ఆమె నంబర్లు రాస్తుంది, నేను మట్టి నొక్కుతాను. కొత్త ట్రేలో ఏ మొక్క కనబడినా, "అమ్మాయ్, దీన్ని ఉంచాలా?" అని అడుగుతున్నాను. పొద్దున్నుంచి ఎన్నిసార్లో.

"అమ్మో, మా ఆయనకి ఇన్ని మాటలొచ్చా!" అంటోంది మా ఆవిడ.