పెద్ద అక్షరం

పొద్దున్నే కాఫీ కప్పు పక్కన పెట్టుకుని మార్లిస్ కొత్త బకెట్లకు పేర్లు పెడుతుంది. క్విన్సీ అనే ఊళ్లో బంగాళాదుంప పొలాల నడుమ ఉన్న ఆ కంప్యూటర్ల కేంద్రంలో, జనం ఫైళ్లు దాచుకునే చోటును బకెట్ అంటారు. దాని పేరుకు నియమాలున్నాయి. ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, మధ్యలో అడ్డగీత, అంతే. పెద్ద అక్షరం చెల్లదు. గవర్నరైనా అక్కడ చిన్నక్షరమే. ఒకరు పెట్టిన పేరు లోకంలో ఇంకొకరికి దొరకదు.

చచ్చిపోయినవాళ్లు కూడా తమ పేరు వదలరు. పోయిన మనిషి పేరు కొడితే "ఈ పేరు వాడుకలో ఉంది" అని వస్తుంది. బతికున్నవాళ్ల పేరైతే బకెట్ తయారవుతుంది. పై అధికారి ఓడెల్ అప్పుడప్పుడూ చనిపోయిన తన అమ్మ పేరు కొట్టి, "ముసలిది కదల్లేదు" అని నవ్వుకుని పనిలో పడతాడు.

మార్లిస్ మొగుడు వెర్న్ రెండేళ్ల కిందట కొలంబియా నదికి చేపలకని వెళ్లాడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. అప్పట్నుంచి ఆమె రోజూ అతని పేరు ఇంటిపేరుతో సహా కొడుతోంది, కానీ మొదటి అక్షరం పెద్దది వేసి. "పెద్ద అక్షరాలు చెల్లవు" అంటుంది యంత్రం. ఉన్నాడో పోయాడో తేల్చని ఆ జవాబుతోనే ఆమెకు రోజు గడిచేది. పాపం, తెలిసి చేసే తప్పు అది.

"శనివారం చర్చిలో వెర్న్ ఆత్మశాంతికి ప్రార్థన పెట్టారటగా," అన్నాడు ఓడెల్. "మా ఆవిడ అప్పుడే ఆ రోజు తెచ్చే క్యాసెరోల్ వంటకానికి దుంపలు కొనేసింది."

"వద్దనలేకపోయాను. సమాధి రాయి మీద పేరు కూడా చెక్కిస్తారట."

"మరి యంత్రాన్ని అడిగి చూడు. ఎన్నాళ్లని ఆ పెద్ద అక్షరం చాటున దాక్కుంటావు?"

"వాడుకలో ఉందంటే ఏం చెయ్యను ఓడెల్?"

"ఏడుద్దువు గాని. నేనుంటాగా."

యంత్రాల హోరులో ఎవరెవరో ఊపిరి బిగబట్టి వింటున్నారనిపించింది ఆమెకు. అన్నీ చిన్న అక్షరాలే కొట్టింది.

బకెట్ తయారైంది. వెర్న్ పేరుతో, ఖాళీగా.

ఓడెల్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. రెండేళ్లుగా కన్నీటి చుక్క రాల్చని మార్లిస్ బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని పాస్టర్‌కి ఫోన్ చేసి, ప్రార్థన ఆపేయమంది.

"బతికున్నాడా! ఎంత మంచి వార్త చెప్పావమ్మా!" అన్నాడాయన.

"ఉన్నాడండీ," అంది మార్లిస్. "నన్నొదిలేసి."