దారి పొడవునా రమ్మన్న ఇళ్ళు

మధ్యాహ్నం నమాజు ముగిసి చాలాసేపయింది. పిల్లను అడగడానికి రావలసినవాళ్ళు ఇంకా రాలేదు. వర్సితి గుమ్మంలో నిలబడి ఆ గుమ్మాన్నీ, దాన్ని కట్టిన మొగుణ్ణీ, అతన్ని కన్న అత్తగారినీ వరసగా తిట్టుకుంటోంది.

తిట్టుకోక ఏం చేస్తుంది? సెమరాంగ్ నగరం చివర, చేపల చెరువుల్ని సముద్రం మింగేయగా మిగిలిన గట్టు మీద ఉంటుంది కరంగ్‌లోర్. ఫోనులో దారి వెతికితే ఆ చోట నీలం రంగే తప్ప ఊరు కనపడదు. రోజూ సాయంత్రానికి పోటెక్కి ఇళ్ళలోకి మడమల దాకా నీళ్ళొస్తాయి, రాత్రికి తీస్తాయి. నేల కుంగినప్పుడల్లా మట్టి పోయించి గచ్చు ఎత్తు చేయించిన మొగుడు కస్మాదీకి పైకప్పు ఎత్తించడానికి మాత్రం చేతులు రాలేదు. కిటికీలు మోకాళ్ళ దగ్గరికి దిగాయి. వీధి గుమ్మం దాటాలంటే నడుము వంచాలి. "ఎవరొచ్చినా మనకు దణ్ణం పెట్టే లోపలికొస్తారు" అని అతను నవ్వుతాడు. ఆ నవ్వు చూస్తే వర్సితికి ఒళ్ళు మండుతుంది.

కూతురు నింగ్రుమ్‌ను చూడవస్తున్న సంబంధాల్లో ఇది రెండోది. మొదటిది కొండవైపు వాళ్ళది. సాయంత్రం పూట వచ్చి, కుర్చీ కింద నీళ్ళు చూసి, కాళ్ళు పైకి లాక్కుని, టీ అయినా తాగకుండా వెళ్ళిపోయారు. తర్వాత కబురు లేదు. ఆ రాత్రి పిల్ల అన్నం తినలేదు. ఈసారి అబ్బాయి ఫహ్రి ఓడల మరమ్మతు యార్డులో వెల్డరు, పిల్లంటే ప్రాణం. కానీ మాట ఇవ్వవలసింది వాళ్ళమ్మ మస్లియా. సముద్రం అవతల బంజర్‌మాసిన్ నుంచి ఓడెక్కి మరీ వస్తోంది. అందుకే వర్సితి ముహూర్తం పోటును బట్టి పెట్టింది. మధ్యాహ్నం రావాలి, తినాలి, మాట ఇవ్వాలి, నీళ్ళు ఎక్కకముందే వెళ్ళాలి. ఇంట్లో నీటిచుక్క ఆవిడ కంటపడకూడదు.

పెద్దరోడ్డు దగ్గర వాళ్ళను కలిసి తీసుకురమ్మని కస్మాదీని పంపింది. అదే తను చేసిన తప్పు.

పెరటి గుమ్మంలో పక్కింటి దర్మి ప్రత్యక్షమైంది. కాస్త పంచదార కావాలట. ఇచ్చింది. దర్మి వెనకే సురతి వచ్చి ఎర్రపువ్వుల గ్లాసులు అడిగింది. ఇద్దరూ తెల్లవారుజాము నుంచి తన వంటింట్లో కొబ్బరి కోరినవాళ్ళే. లేదనడానికి నోరెలా వస్తుంది? గ్లాసులూ ఇచ్చింది. మూడోసారి దర్మి మళ్ళీ వచ్చి, చుట్టాల కోసం వండిన జిగురుబియ్యపు మిఠాయి, బెల్లం వాజిక్, ఒక పళ్ళెం కావాలనేసరికి వర్సితికి ఓపిక చచ్చిపోయింది.

"మీ ఇంటికెవరొచ్చారే ఇవాళే?"

దర్మి నేల చూపులు చూసింది. "అరుగు మీద కూర్చున్నానక్కా. దారిన పోతుంటే రమ్మన్నాను. రమ్మనకపోతే బాగుండదుగా. ఆవిడ నిజంగా వచ్చేసింది."

"ఎవరావిడ?"

"మీవాళ్ళే."

వర్సితికి అన్నీ అర్థమయ్యాయి. కరంగ్‌లోర్‌లో దారిన పోయే ప్రతి మనిషినీ లోపలికి రమ్మంటారు. ఆ మనిషి 'మళ్ళీ వస్తాం' అని నవ్వి పోతాడు. రమ్మన్నది ఉత్తుత్తికి, వస్తామన్నదీ ఉత్తుత్తికే. తాతల నాటి నుంచీ ఒక్కరూ రాలేదు కాబట్టే ఇన్ని ఇళ్ళు ఇంత ధైర్యంగా పిలుస్తున్నాయి. అవతలి తీరం ఆవిడకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది? చెప్పవలసిన కస్మాదీ చెప్పడు. వెళ్ళొద్దంటే వచ్చినావిడ నొచ్చుకుంటుంది, పిలవొద్దంటే పిలిచినవాళ్ళు నొచ్చుకుంటారు. ఎవరూ నొచ్చుకోకుండా తన కొంప ముంచడం ఆ మహానుభావుడికి వెన్నతో పెట్టిన విద్య.

"నా పంచదార, నా గ్లాసులు, నా వాజిక్ పెట్టి నా చుట్టాలకు మర్యాద చేస్తున్నారన్నమాట!"

"నువ్వు పెట్టినట్టేగా అక్కా" అంది దర్మి. ఆ మాటకు ఏడవాలో నవ్వాలో తెలియక వర్సితి పళ్ళెం చేతిలో పెట్టింది. అలాంటి పళ్ళేలు ఇంకా చాలానే వెళ్ళాయి. వాజిక్ గిన్నె అడుగు కనిపించేసరికి పెరటి కాలువ పొంగి, గచ్చు మీదికి మొదటి నీటిపాయ పాక్కుంటూ వచ్చింది. నింగ్రుమ్ చీపురు తీసుకుని తోసింది. తోసినంత మళ్ళీ వచ్చింది. చివరికి పిల్ల చీపురు గోడకానించి గదిలోకి వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడు వీధి మలుపులో వాళ్ళు కనపడ్డారు. ముందు కస్మాదీ, ముఖాన అదే నవ్వు. వెనక ఫహ్రి, తాంబూలం పెట్టె మోస్తూ. పక్కన బొద్దుగా, పొట్టిగా, పెద్ద చేతిసంచీతో మస్లియా. వర్సితి రెండు చేతులూ గుమ్మానికి అడ్డంగా పెట్టేసింది. లోపల ఉక్కగా ఉందనీ, మసీదు వసారా ఎత్తుగా, చల్లగా ఉంటుందనీ, అక్కడే కూర్చుందామనీ గబగబా చెప్పింది. వెనక తన మడమలు తడుస్తున్నాయి.

మస్లియా కదల్లేదు. ముఖంలో నవ్వు పోయింది.

"పొద్దున్నే ఓడ దిగానమ్మా. దారి పొడవునా ప్రతి గుమ్మంలోంచీ రమ్మన్నారు. పిలిస్తే కాదనడం మా వైపు తప్పు. కడుపు పట్టకపోయినా వెళ్ళాను. నేను వచ్చింది మాత్రం మీ ఇంటికి. మీరొక్కరే రమ్మనలేదు." గొంతు తగ్గించింది. "మావాడు నచ్చకపోతే ఇక్కడే చెప్పేయండి. వెళ్ళిపోతాం."

ఎవరు ఎవర్ని కాదంటారని వర్సితి భయపడిందో, ఏం జరుగుతోందో!

"అది కాదండీ. ఇంట్లో నీళ్ళొచ్చాయి."

"అన్ని ఇళ్ళలోనూ వచ్చాయిగా. ఇందాకటి ఇంట్లో నా చెప్పు తేలిపోతుంటే మీ ఆయనే పట్టి తెచ్చారు. మేం ఏటి మీద గుంజలు పాతుకుని బతికేవాళ్ళం. నీళ్ళు చూస్తే నాకేం?"

వర్సితి కస్మాదీ వైపు చూసింది. అతను తడిసిన తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. ఇన్నాళ్ళ పోటునూ చీపురుతో తోసి దాచాలనుకున్న తన తెలివికి తనకే సిగ్గేసింది. చేతులు గుమ్మం మీంచి తీసేసి పక్కకు జరిగింది.

"లోపలికి రండి" అంది. రోజూ దారినపోయే వాళ్ళందరితోనూ అనే మాటే. ఇవాళ ఉత్తుత్తికి కాదు.

మస్లియా నడుము వంచి లోపలికొచ్చి, నీళ్ళలోనే కాళ్ళు పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. వర్సితి ఖాళీ వాజిక్ పళ్ళెం ఎక్కడ దాచాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడింది. మస్లియా చేతిసంచీ విప్పింది. తినలేనంటే దారిలో ఇంటింటా అరిటాకులో కట్టిచ్చిన పొట్లాలు, ఒక్కొక్కటే తీసి ఆ పళ్ళెంలో పేర్చింది. వర్సితి వండిన వాజిక్ వర్సితి పళ్ళెంలోకే వచ్చి చేరింది.

"అన్ని ఇళ్ళలోనూ ఇదే రుచి, ఇవే ఎర్రపువ్వుల గ్లాసులు. ఏ చేతిదో రెండో ఇంట్లోనే తెలిసింది" అంది మస్లియా. "పొద్దుటి నుంచి మీరేమీ తినలేదని ముఖమే చెబుతోంది. ఒక ముక్క నోట్లో వేసుకుని, పిల్లను పిలవండి వదినగారూ."