ఆర్డర్లలో లేని పేరు

శుక్రవారం మధ్యాహ్నం రెండూ నలభై. సాయంత్రం ఐదింటికి మా ఎంబసీలో ఒక ఉద్యోగానికి దరఖాస్తుల గడువు ముగుస్తుంది. లయల్ హెండ్రిక్స్ తడిసిన గొడుగు తలుపు దగ్గర వదిలేసి నా ఎదురుగా కూర్చున్నాడు.

ఈ ద్వీప దేశపు రాజధాని సువాలోని అమెరికన్ ఎంబసీ నియామకాల విభాగంలో నాది పదకొండేళ్ళ నౌకరీ. లయల్ ఆర్మీలో ఇరవై రెండేళ్ళు చేసి రిటైరైన సార్జెంట్. భార్య కోరిన్ మా వీసా అధికారి. ఆయన అడుగుతున్నది ఎంబసీ అధికారుల ఇళ్ళ కాపలాదార్లను చూసుకునే పని.

"అకనిసీ, పెన్షన్ కాగితాలన్నీ తెచ్చా. పెన్షన్ వస్తోందని నా దరఖాస్తు ఆపకండి."

"ఈ ఉద్యోగానికి పెన్షన్ అడ్డు కాదు సార్జెంట్. మిలిటరీలో రిటైరయ్యారు, పైగా దౌత్యవేత్త భర్త. రెండూ ఉన్నవాళ్ళు వరసలో అందరికన్నా ముందు."

"ఆర్మీలో భోజనాల వరసలో కూడా ఎప్పుడూ ముందు లేను."

ఆయనది సందర్శకుడి వీసా. ఇంకా పది రోజులే ఉంది. కోరిన్ మార్పిస్తానంటూనే ఉంది. ఈ ఉద్యోగం రాకపోతే తొమ్మిదేళ్ళ కూతుర్ని ఇక్కడ వదిలేసి, టెక్సస్‌లో ఎవరూ లేని అద్దెగదికి వెళ్ళిపోవాలి.

కోరిన్ బదిలీ ఆర్డర్లు తెరిచాను. వెంట వచ్చే కుటుంబం పేర్లు అందులోనే ఉంటాయి. కోరిన్ పేరుంది, పాప పేరుంది. అంతే.

"మీ పేరు లేదు సార్."

ఆయన నవ్వాడు. "నేనే వద్దన్నా. రిటైరైనవాళ్ళం కదా, మిలిటరీ విమానంలో సీటు ఖాళీ ఉంటే ఊరికే ఎక్కించుకుంటారు. ఏప్రిల్లో హవాయి దాకా అలాగే వచ్చా. గవర్నమెంటుకి టికెట్ డబ్బులు మిగిల్చా."

"ఆర్డర్లలో పేరు లేకపోతే నిబంధనల ప్రకారం మీరు కుటుంబ సభ్యులు కారు. వట్టి మాజీ సైనికులే. వరసలో మూడోవాళ్ళు. మీకన్నా ముందు, దరఖాస్తు పెట్టిన దౌత్యవేత్తల భార్యలు ఇద్దరున్నారు. మీదాకా రాదు."

నవ్వు ఆగింది. "పేరు తీసేస్తే టికెట్ పోతుందనుకున్నా. మనిషే పోతాడనుకోలేదు."

పేరు చేర్పించడానికి వాషింగ్టన్‌కి ఫోన్ చేశాడు. అక్కడ ఇంకా గురువారం రాత్రి. వాళ్ళు శుక్రవారం ఆఫీసు తెరిచేసరికి మాకు శనివారం వచ్చేస్తుంది.

"ఒక దారుంది," అన్నాను. "పేరు చేర్చమని మేడమ్ ఐదులోపు సంతకం పెడితే, మార్పు దారిలో ఉందని రాసి మీ దరఖాస్తు తీసుకుంటా."

కోరిన్‌ని పిలిపించాను. వీసా ఇంటర్వ్యూల మధ్యలోంచి వచ్చి నిలబడే మాట్లాడింది.

"వచ్చే వారం చూద్దాం లయల్. బయట జనం ఉన్నారు."

"ఐదింటికి గడువు అయిపోతుంది కోరిన్. ఒక్క సంతకం."

"ఇప్పుడు కాదన్నాగా."

ఈలోగా పాత వివరాలు ఎక్కించడానికి, ఆయన పేరు తీసేయమన్న కాగితం ప్రింట్ తీశాను. అక్కడే తప్పు చేశాను. దాన్ని బల్ల మీద ఆయనవైపు పెట్టాను. ఇరవై రెండేళ్ళు హాజరు పట్టీలు చూసిన కన్ను నేరుగా తేదీ మీదికే పోయింది.

"ఫిబ్రవరి పదకొండు," అన్నాడు. "విమానం సంగతి నేను నీకు చెప్పింది ఏప్రిల్లో."

కోరిన్ వెనక్కి తిరిగి తలుపు మూసింది.

"ఫిబ్రవరిలోనే తీసేశావా?"

"ఆ."

"మరి ఏప్రిల్లో నేను వద్దంటే సరే అన్నావే."

"నువ్వే వద్దన్నావు. నేను చెప్పాల్సిన పని తప్పింది."

"పాపకి తెలుసా?"

"తెలీదు. నువ్వు కొన్నాళ్ళుండి వెళ్ళిపోతావనే అనుకుంటోంది."

లేచి బయటికి వెళ్దామన్నా నాకు దారి లేదు. ఆమె తలుపుకి అడ్డంగా ఉంది. ఆయన పెన్షన్ కాగితాలు సర్దుకుంటున్నాడు. పేజీ అంచులు పేజీ అంచులకి కలిసేదాకా సర్దుతూనే ఉన్నాడు.

"దరఖాస్తు ఏం చేయను సార్?" అన్నాను. "కుటుంబ సభ్యుడిగా పెట్టినదాన్ని మూసేయడానికి సిస్టమ్‌లో రెండే కారణాలున్నాయి. మీరే విరమించుకున్నారని పెట్టొచ్చు. లేదా కుటుంబ సభ్యుడిగా అర్హత లేదని."

"విరమించుకున్నారని పెట్టండి," అంది కోరిన్. "అది మర్యాదగా ఉంటుంది."

ఆయన ఆమెవైపు చూడలేదు.

"రెండోదే పెట్టండి అకనిసీ. నేనేమీ విరమించుకోలేదు."

నొక్కాను. గడియారంలో మూడూ పది.