హార్నర్ కొండ దిగిన పెళ్ళి వ్యాన్

పాతకాలపు క్రైస్తవ పద్ధతిలో గుర్రబ్బళ్ళమీద తిరిగే ఆమిష్ వాళ్ళు కారు కొనరు, నడపరు. ఇంకొకడి కారు ఎక్కడానికి మాత్రం వాళ్ళ మతం అడ్డు చెప్పదు. అందువల్ల మా లోయలో నాలాంటివాడికి పని దొరుకుతుంది. పదకొండేళ్ళు వాళ్ళను ఆసుపత్రులకూ చావులకూ పెళ్ళిళ్ళకూ నా వ్యాన్‌లో తిప్పాను. దాని హీటరు సగం పనిచేస్తుంది. సగమంటే, ముందు కూర్చున్నవాళ్ళకు. వెనకవాళ్ళు పదకొండేళ్ళలో ఒక్క మాట అనలేదు. ఓర్పు వాళ్ళకు పెద్ద గుణం.

ఆ ఓర్పు మొన్న వేసవి దాకా ఉంది. ఫిలడెల్ఫియాలో ఉద్యోగం విరమించిన లైల్ షుప్ మా ఊరి చివర ఇల్లు కొన్నాడు. పదిహేనుమంది పట్టే కొత్త వ్యాన్ తెచ్చాడు. ప్రతి సీటుకీ అడుగున వేడి పెట్టించాడు. నడుం కింద వెచ్చబడితే ఎంత గట్టి విశ్వాసమైనా కాస్త మెత్తబడుతుంది. సెప్టెంబరు వచ్చేసరికి నా వ్యాన్ ఎక్కేవాళ్ళు లేరు.

లైల్ చెడ్డవాడు కాదు. జాగ్రత్త ఎక్కువ, అంతే. ఇంట్లో కంప్యూటరు ముందు రెండు గంటలు కూర్చుని పాఠం చదివి, సురక్షితంగా నడిపేవాడని పట్టా సంపాదించాడు. దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి ముందు అద్దం కింద అంటించాడు. ఆయన లెక్కలో జాగ్రత్తంటే బ్రేకు మీద కాలు తీయకపోవడం. ఆయన వెనక బండి నడిపితే ఎర్ర దీపాలు ఆరడమన్నది చూడం.

నవంబరులో మెన్నో కాఫ్‌మన్ మనవరాలి పెళ్ళి కుదిరింది. మెన్నో నా పక్క పొలం రైతు, డెబ్బై దాటినవాడు. పెళ్ళి హార్నర్ కొండ అవతలి లోయలో. వాళ్ళ పెళ్ళికి సెలెరీ అనే ఆకుకూర కాడలు కావాలి. వండినవి కావాలి, పచ్చివి కావాలి, పూలకు బదులు జాడీల్లో నిలబెట్టడానికీ కావాలి. సెలెరీ లేని పెళ్ళి చెల్లదని బైబిల్లో రాసి ఉన్నట్టే నడుచుకుంటారు. మెన్నో భార్య లవీనా వేసవంతా రెండు మళ్ళు దానికే ఇచ్చింది.

పెళ్ళికి ముందురోజు మెన్నో మా దొడ్లోకి వచ్చాడు. మొక్కజొన్న సంగతి మాట్లాడాడు. తన కంచరగాడిద కాలి సంగతి మాట్లాడాడు. చివరికి, లైల్ వ్యాన్ మాట్లాడుకున్నామనీ, అతనికి కొండ దారి తెలియదనీ, నేను ఎలాగూ పెళ్ళికి రావలసినవాణ్ణే కాబట్టి ముందు కూర్చుని దారి చెబితే మేలనీ అన్నాడు. నా కంచంలోది తీసి వాడికి పెట్టి, వడ్డించే పని కూడా నాకే ఇచ్చినట్టయింది. సరేనన్నాను.

పొద్దున ఎనిమిదికి సామాను ఎక్కించారు. లైల్‌తో, నాతో కలిపి పదకొండుమందిమి. ఆరు బస్తాల బంగాళాదుంపలు. సీట్ల మధ్యన సెలెరీ పెట్టెలు. వ్యాన్ నెత్తిమీద రెండు ఇనప కాగులు. దించడానికి సులువని లైల్ బస్తాలన్నీ వెనక తలుపు దగ్గరే వేయించాడు. వెనక టైర్లు కుంగాయి, ముందు దీపాలు ఆకాశంలోకి చూశాయి. బరువు కిందికీ ముందుకీ ఉండాలని చెబుదామని నోరు తెరిచాను.

“వెర్న్, ఒక మాట అనుకుందాం. కుడీ ఎడమా నీ పని. మిగతాదంతా నా పని” అన్నాడు లైల్, పట్టా వైపు గడ్డం ఆడిస్తూ.

నవ్వుతూనే అన్నాడు. తలూపాను.

ఎక్కేటప్పుడు ఇంజను మూలిగిందే గాని బాగానే ఎక్కింది. కొండ నెత్తిన ఒక బోర్డు ఉంది. లారీలు ఇక్కడ ఆగి, చిన్న గేరులో దిగాలి, ముందు నాలుగు మైళ్ళు దిగుడు అని. లైల్ దాన్ని పైకి చదివి, మనది లారీ కాదుగా అన్నాడు. నిజమే. వెనకున్న బంగాళాదుంపలకు ఆ తేడా తెలియదు, వాటికి చదువు రాదు.

నా వెనక సీట్లో మెన్నో తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. గుర్రబ్బండి అయితే అక్కడ ఆపుతారు. గుర్రాన్ని ఊపిరి తీసుకోనిచ్చి, పట్టెడలు చూసి, నడవగలిగినవాళ్ళను దింపి నడిపిస్తారు. అరవై ఏళ్ళ అలవాటు. వ్యాన్ ఆగలేదు. మెన్నో చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. అప్పుడు ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. బ్రేకు గట్టిగా ఒకసారి నొక్కి, వేగం తగ్గాక వదిలేయాలి, చల్లారనివ్వాలి. ఇది మా వైపు కట్టెలు తోలేవాడికి కూడా తెలుసు. లైల్ గేరు జోలికి పోలేదు. బ్రేకు మీద మెత్తగా కాలు పెట్టి, పిల్లిని నిమిరినట్టు అలాగే ఉంచాడు.

రెండో మలుపు దగ్గర వాసన వచ్చింది.

లవీనా బుట్ట మూత తీసి గుమ్మడికాయ తీపిరొట్టె మాడిందేమో చూసింది. పెళ్ళికాని చుట్టం యోస్ట్ వంగి తన బూట్లు వాసన చూసుకున్నాడు. సలోమీ అనే విధవరాలు, ఇవాళ సీటు ఇంకా బాగా కాలుతోందని మెచ్చుకుంది. ఆమిష్ కానివాళ్ళం అందరం వాళ్ళకు ఇంగ్లీషువాళ్ళమే. ఇంగ్లీషువాళ్ళ బళ్ళన్నీ ఇలాగే ఉంటాయి, అన్నాడెవరో. తర్వాత అందరూ ఊరుకున్నారు. నడిపేవాడికి పాఠం చెప్పడం వాళ్ళలో మర్యాద కాదు.

నాకు ఆ వాసన ఏమిటో తెలుసు, కాలుతున్న బ్రేకులది. చెబితే గిరాకీ పోయినవాడి కడుపుమంట అనుకుంటారని ఆలోచించాను. నా పని దారి చెప్పడమే కదా, కొండమీద ఉన్నది ఒకటే దారి, చెప్పడానికేముంది అని కూడా ఆలోచించాను. ఇంకొకటి కూడా ఆలోచించాను. కాస్త పొగ వస్తే చాలు, వీళ్ళు కాస్త బెదిరితే చాలు, వచ్చే వారం నా చల్లటి వ్యాన్‌కి తిరిగొస్తారని. కాస్తే. ఎంత కాస్తో కొండ కొలిచి ఇస్తుందన్నట్టు కూర్చున్నాను.

మూడో మలుపు కూడా అలాగే పోనిచ్చాను.

నాలుగో మలుపు దాటాక లైల్ మోకాలు ఒక్కసారిగా కిందికి దిగింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దిగింది.

“పెడలు మెత్తగా ఉందే” అన్నాడు, ఎవరితోనో.

గేరు తగ్గించమన్నాను. తగ్గించబోయాడు. అప్పటికి అరవై మైళ్ళ వేగం, గేరు ఒప్పుకోలేదు. చేతి బ్రేకు కొంచెం కొంచెంగా లాగమన్నాను. వేగం కాస్త తగ్గినట్టే తగ్గి, వెనకనుంచి కూడా వాసన మొదలైంది. నెత్తిమీద కాగులు తలుపు తట్టినట్టు కొట్టుకుంటున్నాయి. ఎవరూ అరవలేదు. సలోమీ కీర్తన ఎత్తుకుంది. వాళ్ళ కీర్తన ఒకటి పూర్తి కావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మాకు అంత వ్యవధి లేదు.

ముందర కుడి పక్కన గులకరాళ్ళ ఎత్తు కనిపించింది. బ్రేకు పోయిన లారీలు ఎక్కి కూరుకుపోవడానికి రోడ్డువాళ్ళు పోసింది.

“కుడికి తిప్పు.”

“అది లారీలకి...”

“కుడికి తిప్పు లైల్. కుడీ ఎడమా నా పని.”

తిప్పాడు. రాళ్ళు వడగళ్ళలా అద్దాన్ని కొట్టాయి. వ్యాన్ పొట్టదాకా కూరుకుపోయి ఆగింది. బంగాళాదుంపలు అప్పుడు ముందుకొచ్చాయి, మొదటే ఉండవలసిన చోటికి. ఒక కాగు ఇంకా తొందరలో ఉన్నట్టు ఒక్కటే ఆ ఎత్తు పైదాకా దొర్లిపోయింది. యోస్ట్ భుజం ఎముక విరిగింది. సలోమీకి పెదవి చిట్లింది. మిగతావాళ్ళకు దెబ్బలేగాని ప్రాణభయం లేదు. చక్రాలనుంచి పొగ వస్తోంది. లైల్ స్టీరింగు వదలకుండా కూర్చున్నాడు. మేము వేళ్ళు విడదీయవలసి వచ్చింది.

ఆడవాళ్ళు రోడ్డు పక్క ఇనప కమ్మీ మీద కూర్చున్నారు. లవీనా సెలెరీ పెట్టెలు తెరిచి విరిగినవి ఒక పక్క, విరగనివి ఒక పక్క పెట్టడం మొదలుపెట్టింది. మెన్నో నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

“నీకెప్పుడు తెలిసింది, వెర్న్?”

అబద్ధం చెప్పవచ్చు. అతని కళ్ళజోడు ఒక అద్దం పగిలి ఉంది.

“రెండో మలుపు దగ్గర.”

మెన్నో ఆ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“మాకూ వాసన వచ్చిందయ్యా. బళ్ళ సంగతి మాకేం తెలుసు. నీ మొహం చూశాను. నువ్వు మాట్లాడలేదు. వెర్న్ ఊరుకున్నాడంటే భయం లేదన్నమాట అని వీళ్ళకి నేనే చెప్పాను.”

నేను ఏమీ అనలేదు. ఆ రోజు నాకు బాగా చేతనైన పని అదే.

అవతలి లోయవాళ్ళు గుర్రబ్బళ్ళతో ఎదురొచ్చి సామాను తీసుకెళ్ళారు. పెళ్ళి రెండు గంటలు ఆలస్యంగా జరిగింది. కమిలిన సెలెరీని అందరూ చాలా బాగుందని తిన్నారు.

బ్రేకులన్నీ మార్చి వ్యాన్ తిరిగొచ్చిన రోజు నేనే లైల్ ఇంటికి వెళ్ళాను. వెళ్ళి నోరు తెరిచాను. బరువు ఎక్కడ వేయాలో, కొండ నెత్తిన ఎందుకు ఆగాలో, ఏ గేరో, బ్రేకు ఎప్పుడు నొక్కి ఎప్పుడు వదలాలో గంటసేపు చెప్పాను. నా జన్మలో అంతసేపు మాట్లాడలేదు.

“ఇదంతా ఆ రోజే చెప్పుండొచ్చుగా” అన్నాడు లైల్. కోపంగా అనలేదు, తెలుసుకుందామని అడిగాడు. అంతలో మెన్నో ఇద్దరు పెద్దలతో గేటు తెరుచుకుని వచ్చాడు.

క్షమించడానికి వచ్చారు. వాళ్ళు ఆ పని ఆలస్యం చేయరు. లైల్‌ని క్షమించారు, అక్కడే ఉన్నాను కాబట్టి నన్నూ క్షమించారు. వాళ్ళకు ఇంకో ఇంటికి నడక తప్పింది. లైల్ ఏడ్చాడు. మళ్ళీ తన బండి ఎవరైనా ఎక్కుతారా అని అడిగాడు.

“ఎందుకెక్కం?” అన్నాడు మెన్నో. “అప్పుడు నీకు తెలియదు. ఇప్పుడు తెలుసు.”

నా గురించి ఏమైనా అంటాడేమోనని నిలబడ్డాను. మెన్నో నా చెయ్యి పట్టుకుని ఊపాడు, లవీనా నన్ను అడిగినట్టు చెప్పమందన్నాడు, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

డిసెంబరు మొదటి గురువారం కొండ అవతల ఇంకో పెళ్ళి. పొద్దున కంచె బాగుచేస్తుంటే లైల్ వ్యాన్ మా ఇంటి ముందునుంచి వచ్చింది. బస్తాలు కింద, ముందువైపు. నెత్తిమీద ఏమీ లేదు. వ్యాన్ తిన్నగా, సమంగా కూర్చుంది. నేను చెప్పింది ఒక్కటీ వదల్లేదు. మెన్నో ముందు సీట్లో ఉన్నాడు. వెనకనుంచి సలోమీ చెయ్యి ఊపింది, యోస్ట్ బాగున్న చెయ్యి ఊపాడు. మనసులో ఏమీ పెట్టుకోని మనుషులు ఊపినట్టే ఊపారు.

నేనూ సుత్తి కింద పెట్టి చెయ్యెత్తాను. లోపల ఒక సీటు ఖాళీగా కనిపించింది. వ్యాన్ ఆగలేదు.