నన్నెవరూ లాగి చూడలేదు

నేను ఒక పిలుపు బెల్లును. ఆసుపత్రి మంచం పక్కన తెల్లటి వైరుకు వేలాడే ప్లాస్టిక్ బుడిపెను మీరు చూసే ఉంటారు. జామకాయంత ఉంటాను. నెత్తిమీద ఎర్రటి మీట ఉంటుంది. అది నొక్కితే గది గుమ్మం పైన లైటు వెలుగుతుంది, నర్సులు కూర్చునే బల్ల దగ్గర గంట మోగుతుంది. ఇంతకుమించి నాకు విద్యలేవీ రావు. ఉన్న ఆ ఒక్క విద్యా కావలసిన రోజున అక్కరకు రాలేదు. ఆ సంగతి చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలూ.

నేను పుట్టింది ఉత్తరాదిలో ఒక ఫ్యాక్టరీలో. నన్ను కాగితం మీద గీసినాయన మంచివాడే. చేతికి గుచ్చుకోకుండా నా ఒళ్ళంతా నునుపు చేశాడు. లైటు తీసేసినా కనపడాలని మీట చుట్టూ మెరిసే పచ్చరంగు వేయించాడు. ఆయన చేసిన పొరపాటల్లా కుర్చీలో కూర్చుని గీయడమే. నన్ను వాడేవాళ్ళందరూ పడుకుని ఉంటారు. పడుకున్నవాడికి గుమ్మం పైన వెలిగే లైటు కనపడదు, వరండా చివర మోగే గంట వినపడదు. అంటే పిలిచిన మనిషికి తన పిలుపు అందిందో లేదో తెలిసే దారే లేదు. ఈ ముక్క ఆయనకు తట్టలేదు.

పెట్టెలో పెట్టేముందు నాకు పరీక్ష పెట్టారు. ఒక ఇనప వేలు వచ్చి నా మీటను పదివేలసార్లు నొక్కింది. పదివేలసార్లూ మోగాను. అందరూ సంతోషించి నా వీపున పాసైనట్టు చీటీ అంటించారు. ఒక్కసారి కూడా నన్నెవరూ లాగి చూడలేదు.

నా వైరు రెండో కొసన ఒక ప్లగ్గు ఉంది. ఎవరి కాలైనా తట్టుకుంటే గోడ పెచ్చు ఊడకుండా తనే ఊడి రావాలని దాన్ని వదులుగా చేశారు. గోడ మీద వాళ్ళకు అంత జాలి. పెట్టెల్లో సర్దే పిల్ల ఒకతె, ఇది ఊడిపోతే అవతలివాళ్ళకు తెలుస్తుందా అని అడిగింది. ఎందుకు ఊడుతుందిలే అన్నాడు మేస్త్రీ. నేను ఊడి నేలన పడి ఉన్నా, ఎవరికీ ఏమీ అక్కరలేక హాయిగా ఉన్నా నర్సుల బల్ల మీది బోర్డుకు ఒకటే. రెంటికీ అది వెలగదు, మోగదు.

అట్లా వచ్చి చీరాల దగ్గర మూడంతస్తుల ఆసుపత్రిలో, రెండో అంతస్తు ఏడో గదిలో పడ్డాను. గదిలో రెండు మంచాలు. కిటికీ వైపు మంచం నాది. ఆ మంచం మీద రకరకాల మనుషుల్ని చూశాను. ఒక కాంట్రాక్టరు ఫ్యాను తగ్గించమని ఒకసారి, పెంచమని ఒకసారి పూటకు ఇరవైసార్లు నొక్కేవాడు. ఒక రిటైరైన పంతులుగారు కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ కూడా, పాపం వాళ్ళు ఇప్పుడే కూర్చున్నారు, ఎందుకు లేపడం అని నన్ను పట్టుకుని మళ్ళీ వదిలేసేవారు. మనుషుల్లో నొప్పి ఎంత చిన్నదైతే కేక అంత పెద్దదని నాకు అక్కడే అర్థమైంది.

ఒక ఆషాఢమాసం ఉదయాన భావనారాయణను తీసుకొచ్చి నా మంచం మీద పడుకోబెట్టారు. జాండ్రపేట మనిషి, చీరలు నేసేవాడు. అరవై దాటాయి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు, వాటితోపాటు మాటా పడిపోయాయి. కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. వెంట భార్య అంకమ్మ తప్ప ఎవరూ లేరు.

నన్ను గోడకు బిగించింది మంచానికి కుడివైపున. ఆయనకు పనిచేసే చెయ్యి ఎడమది. అంకమ్మ ఒక పూటంతా చూసి, నా వైరును దిండు మీదుగా ఎడమవైపుకు లాక్కొచ్చి, చీర అంచు పేలికతో మంచం కడ్డీకి వదులుగా చుట్టింది. గీసినాయనకు తట్టనిది ఆమెకు పూటలో తట్టింది. కాకపోతే వైరు పొడవు చాలక, దాని బిగువంతా అవతల ప్లగ్గు మీద పడింది.

నర్సు ఎస్తేరు వచ్చి నన్ను ఆయన చేతిలో పెట్టింది. "బాబాయ్ గారూ, ఇదిగో, బొటనవేలితో ఇట్లా నొక్కాలి. నొక్కితే మేం వస్తాం" అని నొక్కి చూపించింది. వరండాలో మోగిన గంట ఆయనకు వినపడలేదు, గుమ్మం పైన వెలిగిన లైటు కనపడలేదు. అయినా తలూపాడు. ఎవరు ఏం చెప్పినా ఆయన అట్లాగే ఊపుతున్నాడు.

ఆమె వెళ్ళాక అంకమ్మ ఆయన చెవి దగ్గరికి వంగింది. "మన మగ్గం కాడ మువ్వ తాడుందా, అట్టాంటిదేనయ్యా ఇదీ. నీకేదన్నా కావాలంటే దీన్ని పట్టుకో" అంది.

ఆ మువ్వ తాడు సంగతి ఆమె పక్క మంచం రోగి చెల్లెలికి చెబుతుంటే విన్నాను. ఆ రోగికి మందిస్తున్న ఎస్తేరు చెవిన కూడా పడింది. "మాకు ముందు గదిలో మగ్గం, ఎనక వసారాలో నా రాట్నం. మగ్గం ఆడతంటే కేకేసినా ఇనపడదు గదా. అందుకని ఆయన ఎడమచేతి పక్కన తాడొకటి కట్టి, దూలం మీదగా తీసకొచ్చి నా నెత్తిమీద మువ్వ కట్టాడు. ఒకసారి లాగితే కండెల్లో నూలు అయిపోయిందని. రెండుసార్లు లాగితే మంచినీళ్ళు."

"మూడుసార్లు లాగితేనో అక్కా?"

అంకమ్మ కొంచెం సిగ్గుపడింది. "మూడుసార్లు లాగితే పనేం ఉండదమ్మా. అంచు బాగా కుదిరిందనో, పువ్వు తేలిందనో, ఒకసారి వచ్చి చూసిపొమ్మని. మెల్లగా లాగుతాడు. ముప్పై ఏళ్ళ నుంచీ అదే అలవాటు."

ఆ సాయంత్రమే ఆయన నన్ను పట్టుకుని ఒకసారి లాగాడు. కడ్డీకున్న పేలిక కదిలింది, కింద చాప మీద కునుకుతున్న అంకమ్మ లేచింది. రెండుసార్లు లాగాడు. నీళ్ళు పట్టింది. నాలుగు రోజులు అట్లాగే గడిచాయి. లాగిన ప్రతిసారీ ఎవరో వచ్చారు. ఆ ఎవరో అంకమ్మేనని, నా మీట మీద ఆయన వేలు ఒక్కసారైనా పడలేదని ఎవరూ గమనించలేదు. లాగితే మనిషి వస్తుందని ఆయనకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఈ నాలుగు రోజుల్లో అది ఇక్కడా నిజమేనని తేలింది. ఇంక ఆయన్ని తప్పు పట్టేదేముంది?

అయిదో రోజు పొద్దున పక్క మంచం ఖాళీ అయింది. ఎస్తేరు అంకమ్మను చూసి, "పెద్దమ్మా, నాలుగు రోజుల్నుంచీ ఆ చీరతోనే ఉన్నారు. ఇంటికెళ్ళి స్నానం చేసి, ఇంత తిని రండి. బెల్లుంది గదా, మేం చూసుకుంటాం" అంది. ఆ మాటలో కపటం లేదు. బెల్లుందన్న నమ్మకం ఆమెకూ ఉంది.

అంకమ్మ ఆయన జుట్టు సరిచేసి, "పదకొండు బస్సుకు పోయి మూడింటికల్లా వస్తా. ఏదన్నా కావాలంటే లాగు, సిస్టరమ్మ వస్తది" అని చెప్పి వెళ్ళింది. ఎస్తేరు గుమ్మంలోనే ఉంది. ఆ మాట విన్నది కూడా. ఆమె చెవికి అందులో తేడా ఏమీ తోచలేదు.

మధ్యాహ్నం ఆయా వచ్చి జావ తాగించి పోయింది. ఒంటిగంటన్నరకు ఆయనకు దగ్గు మొదలైంది. తాగింది పైకి తన్నుకొచ్చింది, పక్కకు తిరగబోతే ఒళ్ళు తిరగలేదు. ఎడమచేత్తో నన్ను పట్టుకున్నాడు. మీట ఆయన అరచేతిలోనే ఉంది, బొటనవేలికి అంగుళం దూరంలో.

ఒకసారి లాగాడు. ఆగాడు. గుమ్మం వైపు చూశాడు.

రెండుసార్లు లాగాడు.

ఆ తరువాత లెక్కేమీ లేదు. ఉన్న బలమంతా పెట్టి లాగాడు. ఆ ఎడమచెయ్యి ఎంత బలమైనదో అప్పుడు తెలిసింది. పేలిక ఊడింది, వైరు బిగిసింది, అవతల ప్లగ్గు పుల్ల వంగి గోడలోంచి ఊడి నేలన పడింది. నన్ను చేసినవాళ్ళు కోరుకున్నట్టే గోడ పెచ్చు కూడా ఊడలేదు. వరండా చివర బోర్డు ప్రశాంతంగా ఉంది. ఎస్తేరు ఆ బోర్డు ముందే కూర్చుని మందుల చీటీలు రాస్తున్నది. గది నుంచి ముప్పై అడుగుల దూరం.

నేను అరవాలనుకున్నాను. నాకు నోరు లేదు, ఉన్నది మీట ఒక్కటే. అప్పటికి అదీ లేనట్టే.

రెండుంబావుకు బీపీ చూడటానికి వచ్చిన ఎస్తేరు ఆయన్ని చూసి పరుగెత్తింది. డాక్టరు వచ్చాడు, గుండె మీద ఒత్తారు, సూదులు పొడిచారు. ఆ హడావుడిలో నన్ను ఎవరో మంచం కిందికి తోశారు. అంతా అయ్యాక నేల తుడవడానికి వచ్చిన ఆయా ఊడి పడి ఉన్న ప్లగ్గును చూసి, ఈ తొక్కిసలాటలో ఊడిందనుకుని తిరిగి గోడలోకి గుచ్చింది. పాపం, గది నీటుగా ఉంచడం ఆమె పని.

మూడింటికి అంకమ్మ ఉతికిన లుంగీ, తువ్వాలు సంచిలో పెట్టుకుని వచ్చింది. ఏడ్చిన ఏడుపు నేను చెప్పను. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక ఎస్తేరు చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"పిలవలేదా అమ్మా?"

"లేదు పెద్దమ్మా. బెల్లు మోగలేదు. నేను ఆ బల్ల కాడే ఉన్నా" అంది ఎస్తేరు. ఆమె కూడా ఏడుస్తున్నది.

కాగితాల్లో రోగి బెల్లు నొక్కలేదు అని రాశారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

"నా మీద అలిగాడు. ఈ స్థితిలో వదిలేసి పోయానని అలిగి, పిలవకుండానే పోయాడు" అంది అంకమ్మ. ఆ మాట పట్టుకునే ఆమె ఆసుపత్రి మెట్లు దిగింది. ఆయన పోవడం ఒక దుఃఖం. అలిగి పోయాడనుకోవడం ఇంకొక దుఃఖం. రెండోది ఆమె మోయనక్కర్లేనిది. ఆ సంగతి ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే.

వారం తిరిగాక ఆ మంచం మీదికి వచ్చిన ఒకావిడ నన్ను నొక్కితే మోగలేదు. ఎలక్ట్రీషియన్ మస్తాన్ వచ్చి నా ప్లగ్గు ఊడదీసి కిటికీ వెలుగులో తిప్పి చూశాడు. "సిస్టర్, ఇది నొక్కి నొక్కి పోయింది కాదు. పుల్ల చూడండి ఎట్టా వంగిందో. ఎవరో గట్టిగా లాగారు. ఒక్కసారి లాగితే ఇంత వంగదు" అన్నాడు.

ఎస్తేరు నన్ను చేతిలోకి తీసుకుంది. నా మెడకు ఇంకా చీర అంచు పేలిక చుట్టుకుని ఉంది. దాన్నే చూస్తూ నిలబడింది. గుమ్మంలో విన్న లాగమన్న మాట, మువ్వ తాడు కబురు ఆమెకు అప్పుడు గుర్తుకొచ్చాయి.

ఆ వారమే ఆసుపత్రివాళ్ళు గదిగదికీ ఒక కాగితం అంటించారు. 'బెల్లును లాగరాదు, నొక్కవలెను.' చదువు రానివాళ్ళు, చూపు ఆననివాళ్ళు దాన్ని ఎట్లా చదువుతారో వాళ్ళకే తెలియాలి. ఎస్తేరు మాత్రం కాగితాన్ని నమ్మలేదు. ప్రతి గదికీ వెళ్ళి వైర్లను గాయాలకు కట్టే గాజుగుడ్డతో కడ్డీలకు గట్టిగా కట్టింది. కొత్త రోగి వస్తే తను బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడి, అక్కడినుంచి ఫోనులో తోడున్నవాళ్ళకు చెప్పి రోగి చేతనే నొక్కించి, మోగిందని తిరిగొచ్చి వాళ్ళ ముఖం చూసి చెబుతుంది. బెల్లు ఊడితే కూడా మోగే బోర్డు కావాలని పైవాళ్ళను అడిగింది. చూద్దాం అన్నారు. ఇంకా చూస్తున్నారు. నన్ను పారేయమంటే పారేయకుండా తన సొరుగులో పెట్టుకుంది.

పన్నెండు రోజులు పోయాక మరణ ధ్రువపత్రం కోసం అంకమ్మ వచ్చింది. సగమైపోయింది. ఎస్తేరు సొరుగు మీద చెయ్యి వేసింది. చెబితే, పిలిచినా ఎవరూ రాలేదన్న మాట బయటపడుతుంది, అది తన మెడకు చుట్టుకుంటుంది. చెప్పకపోతే, ఈమె అలిగాడనుకుంటూనే బతుకుతుంది. ఆఖరికి సొరుగు లాగి నన్ను ఆమె ఒళ్ళో పెట్టింది.

"పెద్దమ్మా, బాబాయ్ గారు పిలిచారు. మువ్వ తాడులాగా లాగారు. ఇది లాగితే మోగదు. నేను ఆయనకు సరిగ్గా నేర్పలేదు."

అంకమ్మ వంగిన పుల్లను వేలితో తడిమింది. "లాగమన్నది నేనేనమ్మా" అంది. ఆ తరువాత, "అయితే అలగలేదు" అంది తనలో తను. మళ్ళీ తలెత్తి, "ఎన్నిసార్లు లాగాడు సిస్టరమ్మా?" అని అడిగింది.

మస్తాన్ చూసి చెప్పగలిగింది ఒక్కసారి కాదని మాత్రమే.

ఇప్పుడు నేను జాండ్రపేటలో, వెనక వసారాలో, కండెల బుట్టలో ఉన్నాను. నెత్తిమీద మువ్వ వేలాడుతున్నది. ముందు గదిలో సగం నేసిన చీర మగ్గం మీద అట్లాగే ఉంది. అంకమ్మ కొన్ని మధ్యాహ్నాలు నన్ను ఒళ్ళోకి తీసుకుని, ఎన్నిసార్లు లాగాడో అని మళ్ళీ అడుగుతుంది. ఆమె వేలు నా మీట మీద పడుతూనే ఉంటుంది. ఏం లాభం, నా అవతలి కొస ఏ గోడలోనూ లేదు.

ప్లగ్గు ఊడిపోయిన తరువాత, దగ్గు ఆగిపోయిన తరువాత, ఆయన వేళ్ళు నా వైరును విడవలేదు. అప్పుడు ఆయన గుమ్మం వైపు చూడటం లేదు. మెల్లగా లాగాడు. మూడుసార్లు, అంకమ్మా. మూడే సార్లు.