వేలు మందం బేకలైట్ ముక్క

ముత్యాలుకు ఆ కారంటే ప్రాణం. ములకలపల్లి రోడ్డు మీద పాతికేళ్లుగా ట్రాక్టర్లు, జీపులు విప్పి బిగించిన చేతులకు అదొక్కటే గర్వం. బొగ్గు కాంట్రాక్టులు చేసి పైకొచ్చిన ఆదినారాయణ దొర ఎక్కడో వేలంలో కొని తెచ్చిన విదేశీ కారు అది. తోలు సీట్లు, తళతళలాడే బంపర్లు, లోపల కూర్చుంటే ఇంజను చప్పుడే వినపడదు. ఒక్కటే రోగం. ఎండాకాలంలో గుట్ట ఎక్కాల్సి వస్తే చాలు, దగ్గి దగ్గి ఆగిపోతుంది.

ఆ రోగమేమిటో ముత్యాలు ఎప్పుడో పట్టేశాడు. తయారుచేసినవాళ్లు కార్బురేటర్‌ను నేరుగా ఇంజను మీదే కూర్చోబెట్టారు. చలిదేశంలో అది చెల్లింది. ఇక్కడి మే నెల ఎండకు ఇంజను వేడి పైకి పాకి, కార్బురేటర్‌లో పెట్రోలు సలసలా కాగిపోతుంది. మధ్యలో వేడి పాకని ముక్క ఒకటి పెడితే తీరిపోతుంది. గని స్క్రాపులో దొరికిన, గట్టి ప్లాస్టిక్ లాంటి బేకలైట్ స్విచ్చు బోర్డును వేలు మందాన కోసి, బోల్టులకు రంధ్రాలు వేశాడు. ఎక్కడా గాలి పీల్చకుండా అది సమంగా కూర్చోవాలి. ఆ పని భార్య అనంతమ్మ తీసుకుంది. అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి మూడు రోజులు రుద్దింది.

"ఇగ నీ దొర బండి ఆగితే నన్నడుగు," అంది నవ్వుతూ.

దొర ఆ ముక్కను చూడనైనా చూడలేదు. "కంపెనీ పెట్టింది పెట్టినట్టుండాలె. దాని ఇజ్జతే గందుల ఉన్నది. నీ తెలివి ట్రాక్టర్ల మీద చూపియ్యి," అన్నాడు. ముక్క బిస్కెట్ల డబ్బాలోకి పోయింది. ఆ సంగతి అనంతమ్మతో చెప్పడానికి ముత్యాలు నామోషీపడి చెప్పలేదు. దొరకు చెప్పకుండా బిగించినా ఆయనకు తెలిసేది కాదు. అయినా ఆయన మాట జవదాటలేదు, పిచ్చి మారాజు.

2004 మే నెలలో తునికాకు తెంపడానికి పోయిన అనంతమ్మను పాము కరిచింది. దొర మంచివాడే, కాదనడానికి లేదు. అడగకముందే తాళం చేతిలో పెట్టాడు. ముత్యాలు భార్యను వెనుక సీట్లో పడుకోబెట్టి భద్రాచలం దవాఖానాకు బయలుదేరాడు. అడవిలో మైసమ్మ గుట్ట సగం ఎక్కేసరికి కారు ఆగిపోయింది. తడిగుడ్డ కప్పి, విసిరి, పెట్రోలు చల్లారేదాకా ముప్పావుగంట పట్టింది. ఆ దారిన మరో బండి రాలేదు.

"ఆ ముక్క పెట్టలేదా?" అని ఒక్కసారి అడిగింది అనంతమ్మ. అదే ఆమె ఆఖరి మాట. అరగంట ముందు తెచ్చినా బతికేది అన్నాడు డాక్టరు.

రెండేళ్లుగా ముత్యాలు ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నాడు. ముక్క పెట్టినా బండి ఆగేదే. అలా అనుకుంటేనే అతనికి అన్నం దిగేది.

ఈ మే నెలలో దొర మనుమరాలు శ్రావణి పెళ్లి ఊరేగింపులో, వియ్యాలవారందరి ముందు, ఎండలో మెల్లగా నడిచి కాగిన కారు ఆగిపోయింది. మర్నాడే దొర కబురు పెట్టాడు.

"నీ ముక్క ఉన్నదా ముత్యాలూ? ఉంటే పెట్టు."

మనిషి పోయినప్పుడు రాని అనుమతి పరువు పోయినప్పుడు వచ్చింది. ముత్యాలు డబ్బా తెరిచాడు. అనంతమ్మ రుద్దిన నునుపు అలాగే ఉంది. బిగించి, మిట్టమధ్యాహ్నం దొరను వెనుక కూర్చోబెట్టుకుని అదే దారి పట్టాడు. గుట్ట దగ్గరపడుతుంటే బండి ఆగిపోవాలని మైసమ్మకు మొక్కాడు. ఏ మెకానిక్కూ అలా మొక్కి ఉండడు. కారు ఒక్క దగ్గు కూడా దగ్గకుండా ఎక్కేసింది.

అతనికి అది చాలలేదు. వెనక్కి తిప్పి, ఆ రోజు ఆగిన చోటనే ఆపి ఇంజను కట్టేశాడు. వేడెక్కిన ఇంజనును మళ్లీ స్టార్టు చేయడమే అసలు పరీక్ష. పావుగంట ఊరుకుని తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే స్టార్టయింది.

ముత్యాలు స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు.

"ఏందిరా, మంచిగనే స్టార్టయింది గద?" అన్నాడు దొర వెనుక నుంచి.

"అవ్ దొరా. మంచిగనే అయింది."